మైక్రో అద్దాల కంపనాలను లేజర్‌తో కొలవడం: మొదటి లెక్క నుంచి రిపోర్టు దాకా

లైడార్‌లలో (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరాల్లో), చిన్న ప్రొజెక్టర్లలో లేజర్ కిరణాన్ని అటూ ఇటూ తిప్పే సిలికాన్ అద్దాలు చాలావరకు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. వీటి కంపనాలను లేజర్ డాప్లర్ వైబ్రోమీటర్‌తో (తిరిగొచ్చే లేజర్ కాంతిని బట్టి కదలికను పట్టే పరికరం) కొలిచే ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: “స్క్రీన్ మీద పీక్ వచ్చింది. అది నా అద్దానిదేనా?”

అడగాల్సిన ప్రశ్న అదే. పీక్ అంటే గ్రాఫులో లేచే శిఖరం. లేజర్ ఎప్పుడూ ఏదో ఒక కదలికను చూపిస్తూనే ఉంటుంది. అది అద్దానిది కావచ్చు, కింద అతికించిన జిగురుది కావచ్చు, పక్కనున్న వైరు నుంచి దూరిన సిగ్నల్ కావచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో పీక్ తెప్పించడం కంటే దాన్ని రుజువు చేసుకోవడానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణగా ఒకే పరికరాన్ని చివరిదాకా వాడదాం. 1 మిల్లీమీటరు వ్యాసం, బంగారు పూత, రెండు టోర్షన్ బార్ల (మెలితిరిగే సన్నని కడ్డీల) మీద ఊగే అద్దం. నడిపేది స్థిరవిద్యుత్ బలం. డిజైన్ ప్రకారం రెజొనెన్స్ (అద్దం అన్నిటికంటే ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) 20 కిలోహెర్ట్జ్.

1. ల్యాబ్‌లోకి వెళ్లే ముందు కాగితం మీద లెక్క

వైబ్రోమీటర్ ప్రధానంగా కొలిచేది వేగాన్ని. హీలియం-నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. ఉపరితలం సెకనుకు 1 మీటరు వేగంతో కదిలితే తిరిగొచ్చే కాంతి ఫ్రీక్వెన్సీ సుమారు 3.16 మెగాహెర్ట్జ్ మారుతుంది. లోపలి బ్రాగ్ సెల్ అనే భాగం ఒక కిరణం ఫ్రీక్వెన్సీని ముందే, చాలా పరికరాల్లో 40 మెగాహెర్ట్జ్, జరిపి ఉంచుతుంది కాబట్టి కదలిక ముందుకా వెనక్కా అనేది కూడా తెలుస్తుంది.

ఇప్పుడు మన అద్దం. అక్షం నుంచి 0.4 మిల్లీమీటర్ల దూరంలో స్పాట్ (లేజర్ చుక్క) పెట్టి, అద్దాన్ని 0.1 డిగ్రీ ఆంప్లిట్యూడ్‌తో ఊపితే అక్కడ కదలిక 0.7 మైక్రోమీటర్లు. దాన్ని రెండు పైలతో (2π), ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వేగం సెకనుకు సుమారు 88 మిల్లీమీటర్లు. వైబ్రోమీటర్‌లో వెలాసిటీ రేంజ్ ఎంచుకోవాల్సింది ఈ అంకెను బట్టి. రేంజ్ చిన్నదైతే సిగ్నల్ తెగిపోతుంది, మరీ పెద్దదైతే నాయిస్‌లో మునిగిపోతుంది.

లెన్సును కూడా లెక్కవేసే ఎంచుకోవాలి. అద్దం ఒక డిగ్రీ వంగితే కాంతి రెండు డిగ్రీలు పక్కకు పోతుంది. న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత కోణం దాకా కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 0.28 ఉన్న 10ఎక్స్ లెన్సు 16 డిగ్రీల దాకా వచ్చే కాంతిని పట్టుకోగలదు. అంటే అద్దం 8 డిగ్రీలు దాటితే కాంతి లెన్సులోకే రాదు. నిజానికి సిగ్నల్ అంతకంటే చాలా ముందే పడిపోతుంది. పైగా ఈ లెన్సు ఫోకస్ లోతు 8 మైక్రోమీటర్లే. 5ఎక్స్, 0.14 లెన్సుకు లోతు 32 మైక్రోమీటర్లు ఉంటుంది కానీ, పట్టే కోణం 8 డిగ్రీలకు తగ్గిపోతుంది.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకోండి: వైబ్రోమీటర్‌తో చిన్న కోణాల దగ్గర మోడ్‌లన్నీ (అద్దం ఊగే తీరులన్నీ) తేల్చుకోవాలి. పెద్ద కోణాలకు వేరే దారి ఉంది, అది 9వ అంచెలో వస్తుంది.

సొంత వైబ్రోమీటర్ లేని కాలేజీల వాళ్లకు బెంగళూరు ఐఐఎస్‌సీ నానో సైన్స్ కేంద్రంలోని క్యారెక్టరైజేషన్ ఫెసిలిటీ లాంటివి ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లేవాళ్లు ఈ లెక్కలన్నీ ఇంటి దగ్గరే ముగించుకుంటే మంచిది. స్లాట్ సమయం కొలతకే సరిపోదు.

వెళ్లే ముందు చేతిలో ఉండాల్సినవి:

- డిజైన్‌లోని మొదటి నాలుగైదు మోడ్‌ల ఫ్రీక్వెన్సీలు, ఆకారాలు
- పుల్-ఇన్ వోల్టేజీ (స్థిరవిద్యుత్ బలం అద్దాన్ని ఎలక్ట్రోడ్ మీదికి లాగేసే వోల్టేజీ) లెక్క, అందులో సగం దాటకూడదన్న మీ హద్దు
- స్పాట్ పెట్టాల్సిన బిందువుల పటం: అక్షానికి అటూ ఇటూ, మధ్యలో, ఫ్రేము మీద
- ప్రతి బిందువు దగ్గర వచ్చే వేగం అంచనా
- కనీసం ఒక అదనపు చిప్

2. చిప్‌ను బిగించడం

డబుల్ సైడ్ టేపుతో అతికించకండి. ఆ టేపు మెత్తటి స్ప్రింగులా పనిచేసి, చిప్ మొత్తం దానిమీద ఊగుతుంది. కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట అందమైన పీక్ ఇస్తుంది, అది మీ అద్దానిది మాత్రం కాదు. పలుచని పొరగా సయానోఎక్రిలేట్ జిగురు, లేదా వేడిచేస్తే ఊడివచ్చే మౌంటింగ్ వ్యాక్స్ వాడండి. జిగురు ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకోవచ్చు కాబట్టి చుక్క చిన్నదిగా వేసి, పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి.

సిరామిక్ ప్యాకేజీలో వైర్ బాండ్ చేసిన చిప్పే అన్నిటికంటే మేలు. ప్రోబ్ సూదులతో నొక్కిపెట్టి కొలవాల్సి వస్తే, ఆ సూదుల చేతుల కదలిక కూడా కొలతలోకి వస్తుందని గుర్తుంచుకోండి.

బల్ల విషయం క్లుప్తంగా చెబుతాను. గాలి కాళ్ల ఆప్టికల్ టేబుల్ ఉంటే మంచిది. లేకపోయినా 20 కిలోహెర్ట్జ్ పనికి పెద్ద అడ్డంకి కాదు, భవనం కదలికలు ఎక్కువగా 100 హెర్ట్జ్ లోపే ఉంటాయి. ఫ్యాన్, ఏసీ గాలి నేరుగా చిప్ మీద పడకుండా చూసుకుంటే చాలు.

3. విద్యుత్ కనెక్షన్లు: చాలామంది తప్పు చేసేది ఇక్కడే

స్థిరవిద్యుత్ బలం వోల్టేజీకి కాదు, వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. డీసీ లేకుండా 20 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇస్తే అద్దం మీద బలం 40 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 20 దగ్గర ఏమీ కనపడక, చిప్ పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు.

డీసీ బయాస్ (నిలకడగా ఉండే వోల్టేజీ) కలపండి. 20 వోల్టుల డీసీ మీద 1 వోల్టు ఏసీ ఇస్తే, అసలు ఫ్రీక్వెన్సీ దగ్గరి బలం రెండింతల ఫ్రీక్వెన్సీ దగ్గరి బలం కంటే 80 రెట్లు ఎక్కువ. అప్పుడు కొలత శుభ్రంగా వస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. అద్దంతో ఒకే తలంలో దువ్వెన పళ్లలాంటి ఎలక్ట్రోడ్లున్న రెజొనెంట్ అద్దాలను సాధారణంగా రెండింతల ఫ్రీక్వెన్సీతో నడుపుతారు, అద్దం అందులో సగం ఫ్రీక్వెన్సీతో ఊగుతుంది. అలాంటి చిప్‌కు డ్రైవ్ (నడిపే వోల్టేజీ) ఫ్రీక్వెన్సీ దగ్గరే వెతికితే లాభం లేదు, మొత్తం స్పెక్ట్రమ్ చూడాలి.

రక్షణకు సిరీస్‌లో రెసిస్టర్ పెట్టడం మంచి అలవాటే. కానీ దాన్ని ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. మీటరు కోయాక్సియల్ కేబుల్‌కు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను ఆంప్లిఫయర్ దగ్గర పెడితే ఆ రెండూ కలిసి 16 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్‌ను కోయడం మొదలుపెడతాయి. 20 కిలోహెర్ట్జ్‌లో చిప్‌కు అందేది మీరిచ్చిన దాంట్లో 62 శాతమే. అదే రెసిస్టర్‌ను కేబుల్ చివర, చిప్ పక్కన పెడితే ఈ బాధ ఉండదు.

- చేతికి ఈఎస్‌డీ పట్టీ (ఒంటిమీది స్థిరవిద్యుత్తును గ్రౌండ్‌కు పంపేది) కట్టుకున్నారా?
- డ్రైవ్ గ్రౌండ్, చిప్ సబ్‌స్ట్రేట్, టేబుల్ గ్రౌండ్ ఒకే చోట కలుస్తున్నాయా?
- హై వోల్టేజీ ఆంప్లిఫయర్ మీ ఫ్రీక్వెన్సీలో పూర్తి గెయిన్ ఇస్తోందా? ఆసిలోస్కోప్‌తో చూశారా?
- డ్రైవ్ వోల్టేజీని కూడా రిఫరెన్స్ ఛానల్‌లో రికార్డు చేస్తున్నారా?

4. స్పాట్ పెట్టడం, ఫోకస్ చేయడం

లేజర్ వెలిగించి అరగంట ఆగండి, వేడెక్కేదాకా సిగ్నల్ బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చేతి ఉంగరాలు, గడియారం తీసేయండి. లేజర్ క్లాస్ 2 అయినా, మనం కిరణాన్ని గురిపెడుతున్నది అద్దం మీద. అది ఎటు తిరిగితే అటు కొడుతుంది, కాబట్టి కళ్లు ఆ ఎత్తులో ఉంచకూడదు.

క్రమం ఇది:

1. తక్కువ మాగ్నిఫికేషన్‌తో అద్దం అంచును వెతకండి.
2. కెమెరాలో స్పాట్ అతి చిన్నదయ్యేదాకా ఫోకస్ మార్చండి. 10ఎక్స్ లెన్సుతో అది 3 మైక్రోమీటర్ల దగ్గరికి రావాలి.
3. టిల్ట్ స్టేజీని రెండు దిక్కుల్లో నెమ్మదిగా తిప్పుతూ సిగ్నల్ బార్ గరిష్ఠానికి తీసుకురండి. గరుకు ఉపరితలంలా కాంతిని అన్ని వైపులా చిమ్మదు కాబట్టి, అద్దం విషయంలో ఫోకస్ కంటే టిల్టే ముఖ్యం.
4. తిరిగి ఒకసారి ఫోకస్ సరిచూడండి.

ప్యాకేజీకి గాజు మూత ఉంటే జాగ్రత్త. పూతలేని గాజు ఒక్కో ముఖం నుంచి 4 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. సిగ్నల్ బార్ నిలకడగా ఉండడానికి అది చాలు. ఫోకస్ గాజు మీద పడితే బార్ బాగుంటుంది, కదలిక మాత్రం సున్నా వస్తుంది. ఫోకస్‌ను పైనుంచి కిందికి తిప్పుతూ ఎన్ని చోట్ల సిగ్నల్ లేస్తుందో లెక్కపెట్టండి. గాజు పై ముఖం, కింది ముఖం దాటాక వచ్చేదే అద్దం.

బంగారం, అల్యూమినియం పూత లేని సిలికాన్ ఎర్ర కాంతిలో సుమారు 35 శాతం తిప్పి పంపుతుంది, కొలతకు అది సరిపోతుంది. చిక్కు మందంలో ఉంది. కొన్ని మైక్రోమీటర్ల పలుచని సిలికాన్ గుండా ఎర్ర కాంతి కొంత కిందికి దాటిపోయి, అడుగు పొరకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ రెండు ప్రతిబింబాలు కలిస్తే ఆంప్లిట్యూడ్ తప్పుగా వస్తుంది. అలాంటి చిప్ మీద లోహపు పూత ఉన్న భాగాన్నే వాడండి, లేదా ఆకుపచ్చ 532 నానోమీటర్ల లేజర్ ఉన్న పరికరం చూసుకోండి.

5. డ్రైవ్ ఆపేసి ఒకసారి కొలవండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఐదు నిమిషాల పని, తర్వాత గంటల తలనొప్పి తప్పిస్తుంది.

డ్రైవ్ సున్నాలో ఉంచి స్పెక్ట్రమ్ తీసి సేవ్ చేయండి. 50 హెర్ట్జ్, దాని గుణిజాలు కనిపిస్తాయి. ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఇంకా ఎక్కువ వస్తాయి, కుదిరితే మెయిన్స్ కరెంటు మీద ఉన్నప్పుడు కొలవండి. డ్రైవ్ లేకుండానే కనిపించే ప్రతి గీతను రాసిపెట్టుకోండి. తర్వాత అవి మళ్లీ కనపడినప్పుడు మోడ్‌లని పొరపడరు.

చాలా మెత్తటి పరికరమైతే ఉష్ణ కంపనం కూడా ఇక్కడే కనిపించవచ్చు. స్టిఫ్‌నెస్ మీటరుకు 1 న్యూటన్ ఉన్న దూలం గది వేడికే సగటున 0.06 నానోమీటర్లు కదులుతుంది. మన అద్దంలాంటి బిగువైన వాటిలో అది నాయిస్‌లోనే ఉండిపోవచ్చు, రాలేదని కంగారు పడనక్కర్లేదు.

6. చిన్న డ్రైవ్‌తో మొదటి స్వీప్

ముందు పీరియాడిక్ చర్ప్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి, మళ్లీ మళ్లీ వచ్చే సిగ్నల్) ఇచ్చి 1 నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా మొత్తం చూడండి. పీరియాడిక్ చర్ప్‌కు రెక్టాంగులర్ విండో (స్పెక్ట్రమ్ తీసే ముందు రికార్డుకు వేసే తూకం) వాడాలి. వైట్ నాయిస్ ఇస్తే హానింగ్ విండో. ఈ రెండూ తారుమారైతే పీక్ ఎత్తు తప్పుతుంది.

100 కిలోహెర్ట్జ్‌ను 6400 గీతలుగా విడగొడితే ఒక్కో గీత వెడల్పు 15.6 హెర్ట్జ్. క్యూ విలువ (పీక్ ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె) 1000 ఉన్న 20 కిలోహెర్ట్జ్ పీక్ మొత్తం వెడల్పే 20 హెర్ట్జ్. అంటే పీక్ మీద పడేది ఒకటి, మహా అయితే రెండు గీతలు. దాన్ని చూసి క్యూ రాయకూడదు. పీక్ ఎక్కడుందో తెలిశాక దాని చుట్టూ 1 కిలోహెర్ట్జ్ మాత్రమే జూమ్ చేసి, గీత వెడల్పు 2 హెర్ట్జ్‌కు తగ్గించి మళ్లీ కొలవండి. అందుకు ఒక్కో రికార్డు అర సెకను పడుతుంది.

సైన్ స్వీప్ (ఫ్రీక్వెన్సీని అడుగడుగునా మారుస్తూ కొలవడం) చేస్తే ప్రతి అడుగు దగ్గరా ఆగాలి. క్యూ ఎక్కువున్న అద్దం గుడిగంటలా చాలాసేపు మోగుతుంది. దాని టైమ్ కాన్‌స్టెంట్, క్యూను పైతో (π) గుణించిన ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వస్తుంది: ఇక్కడ 16 మిల్లీసెకన్లు. అడుగుకు దానికి ఐదింతలైనా ఆగండి. వ్యాక్యూమ్‌లో క్యూ 50,000కు చేరితే ఆ టైమ్ 0.8 సెకన్లు అవుతుంది. అప్పుడు స్వీప్ మానేసి, డ్రైవ్ ఠక్కున ఆపి కంపనం తగ్గడాన్ని రికార్డు చేయడమే నయం. ఆంప్లిట్యూడ్ 37 శాతానికి పడిపోయే సమయాన్ని పైతో, ఫ్రీక్వెన్సీతో గుణిస్తే క్యూ వస్తుంది.

7. ఆ పీక్ ఎవరిదో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. కింది పరీక్షలు ఒక్కోటి ఒక్కో అనుమానాన్ని తీరుస్తాయి, ఒకటి పాసైతే మిగతావి మానేయడానికి లేదు.

ఫ్రేము పరీక్ష. డ్రైవ్ అలాగే ఉంచి స్పాట్‌ను చిప్ ఫ్రేము మీదికి జరపండి. పీక్ అంతే ఎత్తులో ఉంటే ఊగుతున్నది మౌంటింగే, లేదా సిగ్నల్ వైర్ల గుండా దూరుతోంది. అద్దం మీద కంటే ఫ్రేము మీద కనీసం వంద రెట్లు తక్కువ ఉంటే నిశ్చింత.

బయాస్ పరీక్ష. ఏసీ అలాగే ఉంచి డీసీని సున్నా చేయండి. నిజమైన కదలికైతే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర దాదాపు మాయమవ్వాలి. డ్రైవ్ వైరు నుంచి కొలత ఛానల్‌లోకి దూరిన సిగ్నలైతే చెక్కుచెదరదు. అన్నిటిలోకీ నాకు నమ్మకమైన పరీక్ష ఇదే. ఏసీని సగం చేసి చూడడం ఇందుకు పనికిరాదు, ఎందుకంటే దూరిన సిగ్నల్ కూడా సగమవుతుంది.

ఫేజ్ పరీక్ష. తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి పీక్ దాటేలోపు ఫేజ్ (డ్రైవ్ కంటే కదలిక ఎంత వెనకబడిందన్నది) 180 డిగ్రీలు తిరగాలి. పీక్ సరిగ్గా నడినెత్తి దగ్గర వేగం, బలం ఒకే ఫేజ్‌లో ఉంటాయి. డీకోడర్ (కాంతి సిగ్నల్ నుంచి వేగాన్ని లెక్కించే భాగం) ఆలస్యం వల్ల ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఫేజ్ ఏటవాలుగా జారుతుంటే ముందు ఆ వాలును తీసేసి చూడండి.

రెండు వైపుల పరీక్ష. అక్షానికి ఎడమన ఒక బిందువు, కుడిన ఒక బిందువు. ఫేజ్ తేడా 180 డిగ్రీలైతే టోర్షన్ మోడ్. తేడా లేకపోతే అద్దం పైకీ కిందికీ పోతోంది, అది మీకు కావాల్సిన మోడ్ కాదు.

పీడనం పరీక్ష. వ్యాక్యూమ్ ఛాంబర్ ఉంటేనే. గాలి తీసేకొద్దీ అద్దం పీక్ సన్నబడి ఎత్తుగా లేస్తుంది. వైరు సిగ్నల్‌కు గాలితో పనిలేదు.

8. కోణం, ఆకారం లెక్కగట్టడం

రెండు బిందువుల కదలికల తేడాను వాటి మధ్య దూరంతో భాగిస్తే కోణం. మన ఉదాహరణలో ఒకటి ప్లస్ 0.7, ఇంకొకటి మైనస్ 0.7 మైక్రోమీటర్లు. తేడా 1.4, దూరం 0.8 మిల్లీమీటర్లు. కోణం 1.75 మిల్లీరేడియన్లు, అంటే 0.1 డిగ్రీ.

తీసివేత ఫేజ్‌తో కలిపి, కాంప్లెక్స్ సంఖ్యలతో చేయాలి. ఉత్త ఆంప్లిట్యూడ్‌లు తీసివేస్తే ఇక్కడ సున్నా వస్తుంది! ఫ్రేము కదలిక తీసేయడమూ అలాగే.

గ్రిడ్ మొత్తం స్కాన్ చేయగలిగితే, కదలికకు సరిపోయే సమతలాన్ని తీసేసి మిగిలింది చూడండి. అదే ఊగేటప్పుడు అద్దం వంగే వంపు. బొమ్మ నాణ్యత చెడకూడదంటే ఇది సాధారణంగా తరంగదైర్ఘ్యంలో పదో వంతు, అంటే ఎర్ర కాంతికి 63 నానోమీటర్లు దాటకూడదు. ఈ వంపు, ఊగే కోణంతో పాటు పెరుగుతుంది కాబట్టి 0.1 డిగ్రీ దగ్గర 0.5 నానోమీటర్లుంటే 10 డిగ్రీల దగ్గర 50 అవుతుందని అంచనా వేయవచ్చు. అంత చిన్నది చూడాలంటే యావరేజింగ్ కావాలి. వంద యావరేజీలకు నాయిస్ పదో వంతుకు తగ్గుతుంది.

9. డ్రైవ్ పెంచడం

డ్రైవ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ స్వీప్ కింది నుంచి పైకి ఒకటి, పైనుంచి కిందికి ఒకటి తీయండి. రెండు పీక్‌లూ ఒకేచోట ఉన్నంతవరకు మీరు లీనియర్ ప్రాంతంలో ఉన్నట్టు. పీక్ ఒక పక్కకు ఒరిగి, రెండు స్వీప్‌లలో వేర్వేరు చోట్ల విరిగిపడుతుంటే, అక్కడి నుంచి క్యూ, రెజొనెన్స్ అంకెలు రాయకండి.

ఒక డిగ్రీ దాటాక సిగ్నల్‌లో గుచ్చినట్టు ముళ్లు రావడం మొదలైతే కాంతి లెన్సు తప్పుతోందని అర్థం. స్పాట్‌ను అక్షం దగ్గరికి జరిపితే ఫోకస్ సమస్య తగ్గుతుంది, కోణం సమస్య తగ్గదు. అప్పుడిక వైబ్రోమీటర్ పక్కనపెట్టి, మామూలు లేజర్ కిరణాన్ని అద్దం మీద వేసి, తెర మీద గీత పొడవు కొలవండి. అద్దం ప్లస్, మైనస్ 10 డిగ్రీలు ఊగితే, కిరణం నిటారుగా పడినప్పుడు 100 మిల్లీమీటర్ల దూరంలోని తెర మీద గీత దాదాపు 73 మిల్లీమీటర్లు వస్తుంది. గీత చూపించేది కాంతి తిరిగిన మొత్తం కోణం, అద్దం ఆంప్లిట్యూడ్ అందులో నాలుగో వంతు. రిపోర్టులో ఏ కోణం రాశారో స్పష్టంగా చెప్పాలి.

10. లక్షణం, కారణం, మందు

- సిగ్నల్ బార్ నిండుగా ఉంది, కదలిక లేదు: ఫోకస్ గాజు మీద ఉంది, లేదా డీసీ బయాస్ లేదు.
- పీక్ పైభాగం బల్లపరుపుగా తెగింది: వెలాసిటీ రేంజ్ చిన్నది, పెంచండి.
- వేగం బాగుంది, స్థానంగా మార్చగానే తక్కువ ఫ్రీక్వెన్సీలో కొండలా లేచింది: ఫ్రీక్వెన్సీతో భాగించడం వల్ల నాయిస్ పెరిగింది, హై పాస్ ఫిల్టర్ పెట్టండి.
- బయాస్ మార్చగానే రెజొనెన్స్ పక్కకు జరిగింది: తప్పు కాదు, స్థిరవిద్యుత్ బలం స్ప్రింగును మెత్తబరుస్తుంది. ఏ బయాస్ దగ్గర కొలిచారో రాయండి.
- లేజర్ పవర్ తగ్గిస్తే రెజొనెన్స్ మారింది: లేజరే అద్దాన్ని వేడిచేస్తోంది. సిగ్నల్ నిలబడే అతి తక్కువ పవర్‌తో కొలవండి.
- చిప్ తీసి మళ్లీ పెడితే అంకె మారింది: మౌంటింగ్ వదులుగా ఉంది, 2వ అంచెకు వెళ్లండి.

11. రాసిపెట్టుకోవాల్సినవి

- డీసీ, ఏసీ విలువలు, చిప్ దగ్గర కొలిచినవి
- లెన్సు, వెలాసిటీ రేంజ్, గీత వెడల్పు, విండో, యావరేజీల సంఖ్య
- స్పాట్ స్థానాలు, అక్షం నుంచి మైక్రోమీటర్లలో
- గది ఉష్ణోగ్రత, పీడనం
- 7వ అంచెలో ఏ పరీక్షలు చేశారు, ఏది ఎంత వచ్చింది
- చిప్‌ను తీసి తిరిగి బిగించాక వచ్చిన రెండో కొలత
- ఫేజ్‌తో సహా ముడి డేటా ఫైలు. ఉత్త ఆంప్లిట్యూడ్ గ్రాఫును బొమ్మగా సేవ్ చేసుకుంటే 8వ అంచె లెక్కలేవీ మళ్లీ చేయలేరు.